ఎర్రజొన్న అంబలి నల్లబడ్డ రోజు

మొన్న లచ్చమ్మ పెద్దమ్మ గోలేటి నుంచి కొడుకు కారులో వచ్చి, చెప్పులైనా విప్పకుండానే ఎర్రజొన్న పిండి ఉందా అని అడిగింది. ఆమెకు షుగర్ వచ్చి చాలాకాలమైంది. అన్నం తగ్గించమన్న డాక్టరు మీద అలిగి కూర్చున్న మనిషి, అదే మాట ఫోను వీడియోలో ఎవరో గడ్డపాయన చెప్పేసరికి తలకెక్కించుకుంది. "ఎర్రజొన్నల రంగుల్నే మందున్నదట బిడ్డా. గా వగరే షుగర్‌ను పట్టుకుంటదట. మంచిర్యాల్ల నీ ఇంట్ల ఉంటదని మీ తమ్ముణ్ని తోల్కచ్చిన" అంది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి బతికినదాన్ని, తప్పు వింటే ఊరుకునే నోరు కాదు నాది. ఎరుపు వేరు, వగరు వేరు అని మొదలుపెట్టాను. ఎర్రగా కనబడ్డ ప్రతి జొన్నలో టానిన్ ఉండదు, పై తోలుకు ఎరుపునిచ్చే రంగులు ఒక జాతి, ఆ తోలు కింద గింజను చుట్టుకుని ముదురు పొర ఒకటి ఉంటుంది, వగరంతా దానిలో ఉంటుంది, ఆ పొర లేని ఎర్రజొన్న బోలెడు ఉంది, నీ ఫోను డాక్టరు పొర గీకి చూశాడా అని అడిగాను. పెద్దమ్మ చెయ్యి విసిరేసింది. "నీ కాలేజి నాకెందుకే. మీ బాపమ్మ గప్పుడే పోసింది గద మాకు. మందు తెచ్చి చేతులకిస్తె పారబోసినం. ఎంత ఎడ్డోళ్లమే మేము!" అని కొడుకు వైపు తిరిగి, బోసినోటితో పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను. గోదావరిఖనిలో మా క్వార్టర్‌కూ వాళ్ల క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ. వరసకు ఏమీ కాకపోయినా పెద్దమ్మ అని పిలుస్తూ పెరిగాను. ఆమె చెడ్డది అని ఈ రోజు వరకూ అనలేదు. కానీ అందరి భయాలూ ఒకే వేగంతో ముసలివి కావు. ఆమె భయం ముసలిదై, పళ్లూడి, నవ్వులాటగా మిగిలింది. నాది మాత్రం ఆ రోజు ఎట్లా ఉందో అట్లాగే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి. గోదావరి అవతలి పల్లెలో ఒక్కతే ఉండి సేద్యం చేయించుకునేది. కళ్లం పని అయిపోగానే జొన్నల బస్తాతో బస్సు దిగి, ఎండలు ముదిరేదాకా మా దగ్గర ఉండేది. ఆమె వస్తే ఇంటి వాసనే మారిపోయేది. పొద్దంతా మా ఇంట్లో ఉండేది బొగ్గు పొయ్యి గంధకపు వాసన, బాపు డ్యూటీ బట్టల నుంచి వచ్చే తడిమట్టి వాసన. ఆమె వచ్చాక వాటి మీద చుట్ట పొగ, పులిసిన కలినీళ్లు, ఎండిన చొప్ప వాసన పరుచుకునేవి. గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని చాటలో జొన్నలు పోసుకుని, పిడికెడు పిడికెడుకూ ఒక గింజ తీసి పంటి కింద కొరికేది. ముసలితనంలోనూ ఒక్క పన్ను ఊడలేదని ఆమెకు మహా గర్వం. కటుక్కున విరిగితే మంచి గింజ, మెత్తగా అణిగితే దాచిపెట్టడానికి పనికిరాదు. వగరు ఎంతో కూడా అట్లాగే చెప్పేది. నాకూ ఒక గింజ ఇచ్చి, నా మొహం ముడుచుకోవడం చూసి మురిసిపోయేది.

ఆ ఏడు ఆమె తెచ్చింది ఎర్రజొన్న. అంతకు ముందు ఏడు చిలుకలూ పిచ్చుకలూ దిగి తెల్లజొన్న కంకుల్ని పొట్టు మిగలకుండా ఊడ్చేశాయట. మంచె మీద నిలబడి వడిసెల తిప్పీ తిప్పీ భుజం పట్టేసిందట. అందుకని ఎర్రది చల్లింది. "పిట్టలు గీ కంకి మీద వాలుతయి బిడ్డా, ఒక్క గింజ కొరుకుతయి, తల ఇదిలిచ్చుకుంట పక్కోని చేన్లకు పోతయి" అని అభినయించి చూపించేది. ఆకుకు పురుగు పట్టినా, కొడవలి గీరుకున్నా ఆ చోట జొన్న నెత్తుటి చారలా ఎర్రబడుతుందని చెప్పి, "జొన్నకు భయమైతె గట్ల రంగు తేల్తది" అనేది. గాయమైన చోటనే మొక్క ఆ రంగు తయారు చేసుకుంటుందని నేను చాలా తర్వాత పుస్తకంలో చదివాను. పుస్తకంలో భయం అన్న మాట లేదు. అది తప్ప మిగతాదంతా ఆమె చెప్పినట్టే ఉంది.

ఎర్రజొన్నను ఊరికే వండుకుంటే వగరుకు గొంతు దిగదు. ఊళ్లో దానికి ఒక పద్ధతి ఉంది. పొయ్యిలోని కట్టె బూడిదను నీళ్లలో కలిపి, తేట వంచి, ఆ తేటలో జొన్నలు రాత్రంతా నానబెడతారు. పొద్దునకు నీళ్లు ఎర్రగా దిగుతాయి. కడిగి, ఆరబెట్టి, దంచి పొట్టు చెరిగేస్తే వగరు చాలామటుకు పోతుంది. ఇదంతా మట్టి కాగులో జరగాలి. ఆమె తెచ్చిన కాగు బస్సు పైన బస్తాల కింద పడి పగిలింది. మా క్వార్టర్‌లో ఉన్నది బాపు ఎక్కడినుంచో తెచ్చిన పాత ఇనుప పీపా. నడిమికి కోసి, నల్లా నీళ్లు పట్టుకోవడానికి పెట్టుకున్నాం. లోపలంతా తుప్పు. కట్టె బూడిద కూడా లేదు, మాది బొగ్గు పొయ్యి. బొగ్గు బూడిద ఎర్రమట్టిలా ఉంటుంది. అమ్మ అనుమానపడితే బాపమ్మ కసిరింది: "బూడిదంటె బూడిదే గద పొల్లా! మీ ఖనిల బూడిదకు గూడ ఏరే కులమున్నదా?" ఆ పీపాలోనే ఆ బూడిద నీళ్లు పోసి జొన్నలు నానబెట్టింది. దంచిన పిండిలో కలినీళ్లు కలిపి పులియబెట్టింది కూడా అందులోనే. అడవి పక్క పల్లెలో పుట్టిన పద్ధతిని బొగ్గుబాయిల నడుమకు తెచ్చి అచ్చు అట్లాగే చేసింది. ఆమె చేసిన పొరపాటు అంతే.

అంబలి నల్లగా దిగింది. నలుపు అంటే మసి నలుపు కాదు, సిరాలో నీళ్లు పోసినట్టు నీలం తిరిగిన నలుపు. ఇప్పుడు మీరు అడుగుతారు, అట్లాంటిది ఎట్లా తాగారు అని. మా కాలనీలో నలుపు మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదండీ. దండెం మీద తెల్ల ధోవతి సాయంత్రానికి బూడిద రంగుకు వచ్చేది, ముక్కు చీదితే నల్లగా, పెరుగు మీద మీగడ తీస్తే నల్ల నలకలు. ఏది నల్లబడినా 'బొగ్గు గాలి' అని ఊదుకుని తినేవాళ్లం. ఆ అంబలినీ అట్లాగే అనుకున్నాం. ఎండలు మండిపోతున్న రోజులు. బాపమ్మ ఉప్పేసి, ఉల్లిగడ్డ కొరుక్కోమని ఇచ్చి, పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మకూ ఆమె పసివాడికీ కూడా పోసింది. ఆమెకు వండింది తనొక్కతే తాగడం చేతకాదు. వాడు గిన్నె నాకి, ఇంకా కావాలని ఏడ్చాడు కూడా. నేను మాత్రం ఆ వగరుకు జడిసి దగ్గరికి పోలేదు.

మరునాడు పొద్దున బాపు మొదటి షిఫ్టుకు వెళ్లిన కొంతసేపటికి గోడ అవతల కేక వినబడింది. ఆ కేక మా కాలనీలో అందరికీ తెలిసిన కేక. వేళ కాని వేళ బాయి మీద సైరన్ మోగితే ఆడవాళ్లు పెట్టేది అదే. అమ్మ చేతిలో చీపురు పడేసి పరుగెత్తింది. పిల్లవాడు కక్కుకుంటున్నాడు, ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేశాడు. లచ్చమ్మ పెద్దమ్మ మరిది రిక్షా తెచ్చాడు. ఎక్కబోతూ ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది. నిన్నటి అంబలి మిగిలిన గిన్నె తెచ్చి మా గడప మీద విసిరికొట్టింది. తెల్ల సున్నం కొట్టిన గడప మీద అది నల్లగా చిమ్మింది. అప్పుడు మొదటిసారి ఆ నలుపును అందరూ చూశారు. "ఏం గలిపినవే ముసల్దానా నా పోరనికి? వాడేం పాపం జేసిండె నీకు?" అని గుండెలు బాదుకుంటూ రిక్షా ఎక్కింది.

రిక్షా మలుపు తిరిగేలోగా మా లైనులో ఉన్న క్వార్టర్లన్నీ ఖాళీ అయి మా ముందుకు వచ్చాయి. మొగవాళ్లు చాలామంది బాయిలో ఉన్నారు. వచ్చింది ఆడవాళ్లూ, రాత్రి షిఫ్టు దిగి నిద్ర చెడిన నలుగురైదుగురూ, రిటైరైన రాయలింగు తాతా. లైనులో తగాదా వస్తే తీర్చేది ఆయనే. మొదట ఎవరూ ఆ మాట అనలేదు. 'ఎందుకు నల్లగైంది' అని మాత్రమే అడిగారు. బాపమ్మ "నాకెర్క లేదు. బూడిద నీళ్లల్ల నానబెట్టిన" అంది. "బూడిదెందుకు గలిపినవ్?" అని ఒకామె అందుకుంది. "జొన్నల్ల బూడిదెవ్వలు గలుపుతరు? ఏ బూడిదె అది?" ఆ ప్రశ్న తర్వాత గుంపులో గొంతులు తగ్గాయి. గొంతులు పెరిగినప్పుడు కాదు, తగ్గినప్పుడు భయపడాలని నాకు అప్పుడే తెలిసింది. ఎవరో చేతబడి అన్నారు. ఎవరన్నారో ఈ రోజుకీ తెలియదు, ఆ మాటకు ఎప్పుడూ నోరు ఉండదు. సర్వేయరు గారి భార్య, కోస్తా నుంచి వచ్చినావిడ, గేటు దగ్గరే నిలబడి, "అదేవిటండీ, గింజకి బూజు పట్టిందేమో చూడకూడదూ?" అంది. ఎవరూ ఆమె వైపు తిరిగైనా చూడలేదు. ఆమె కూడా గేటు దాటి లోపలికి రాలేదు.

చేతబడి చేసిన వాళ్లను ఏం చేస్తారో మాకు పిల్లలందరికీ తెలుసు. బడిలో ఇంటర్వెల్‌లో చెప్పుకునే కథలు అవే. మంత్రం చదవకుండా రాయితో పళ్లు రాలగొడతారు. ఆ తర్వాత చేసేది పెద్ద పిల్లలు కూడా చెవిలోనే చెప్పేవాళ్లు. నేను బాపమ్మ నోటి వైపు చూశాను. ఆమె పెదవులు గట్టిగా మూసుకుని నిలబడింది, నోటి వెనుక ఏదో దాచుకున్నట్టు.

"పిల్లగాడు దవాఖానల ఉన్నడు. సూద్దాం. తొందర వద్దు" అన్నాడు రాయలింగు తాత. "ముసల్దానా, నువ్వు తాగు మా ముందట." బాపమ్మ లోపలి నుంచి అంబలి మిగిలిన చిన్న కుండ తెచ్చింది. వెంటనే ఒకామె అడ్డం పడింది: "దాని మంత్రం దానికే తాకుతదా తాతా? గంత తెల్వదా నీకు? వాళ్లింటి పిల్లకు తాపుమను." అందరి కళ్లూ నా మీదికి వచ్చాయి. అమ్మ నన్ను వెనక్కి లాగింది. అప్పుడు బాపమ్మ కుండ కింద పెట్టేసి, ముందుకు వచ్చి ఒక మాట అంది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. "పిల్లకు వద్దు. ఏమున్నదో నాకెర్క లేదు. నన్ను కొట్టుకోండ్లి."

ఆమె నన్ను కాపాడడానికి అన్నది అది. గుంపుకు మాత్రం వేరే విధంగా వినబడింది. సూశిన్లా, తన మనుమరాలికైతె తాపదట, అన్నారు. ఒకాయన వంగి రాయి తీశాడు. కొట్టడానికి కాదేమో, ఊరికే చేతిలో ఉండాలని తీశాడేమో, నాకు తెలియదు. నాకు కనబడింది రాయి ఒక్కటే. అమ్మ చేతిని విదిలించుకుని, కుండలో గ్లాసు ముంచి తాగేశాను. ధైర్యం అని అనుకోకండి. ధైర్యం ఉన్నవాళ్లు ఆలోచించి చేస్తారు. రాయి చూసి ఒళ్లు జలదరిస్తే చేతులు చేసిన పని అది. ఆ గ్లాసులో ఉన్నది విషమే అని నేను పూర్తిగా నమ్మాను. బాపమ్మే ఏమున్నదో ఎర్క లేదని చెప్పింది కదా!

మొదటి గుక్కకే నాలుక ఎవరో గుడ్డతో తుడిచేసినట్టు ఎండిపోయింది. చిగుళ్లు లోపలికి గుంజుకుపోయాయి, బుగ్గలు పళ్లకు అంటుకున్నాయి. టానిన్ లాలాజలంలోని మాంసకృత్తుల్ని పట్టి గడ్డకట్టిస్తుందనీ, నోరు అందుకే ఎండుతుందనీ నేను తర్వాత ఎన్ని తరగతులకు చెప్పానో. ఆ రోజు నాకు తెలిసింది ఒకటే, చావు నోటి నుంచి మొదలవుతుందని. గ్లాసు బోర్లించి చూపించాను. "నాలుక సూపియ్" అంది రాయలింగు తాత భార్య. చాపాను. గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. నాలుక నల్లగా ఉందట. "అగో, నల్లగైంది, నాలికె నల్లగైంది" అని గుసగుసలు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. "అల్లనేరేడు పండ్లు తింటె నీ నాలికె తెల్లగుంటదా అవ్వా?" అని అరిచాను.  ఎక్కడో ఒక పడుచామె కిసుక్కున నవ్వింది. తాత మీసం కింద కూడా ఏదో కదిలింది. "ముసల్దాని మనుమరాలే, నోరు సూడు" అన్నాడు. ఆ తర్వాత తీర్పు చెప్పాడు. మొదటి షిఫ్టు మొగవాళ్లు బాయి మీది నుంచి వచ్చేదాకా పిల్ల గడప మీదనే కూర్చోవాలి. దానికేం కాకపోతే ముసలిదాని తప్పు లేదు. ఏమన్నా అయితే... అని ఆగిపోయాడు. ఆ ఆగిన చోట ఏముందో అందరికీ తెలుసు.

నేను గడప మీద కూర్చున్నాను. బాపమ్మను అమ్మ వంటింట్లో పెట్టి గొళ్లెం వేసింది, బయటికి వస్తే ఎవరి చెయ్యి లేస్తుందో అని. ఎవరూ ఇళ్లకు పోలేదు. పోలేదు అంటే, పోయి పనులు తెచ్చుకున్నారు. ఒకామె చాటలో బియ్యం తెచ్చుకుని రాళ్లు ఏరింది. ఒకామె కూతురు తల ముందు పెట్టుకుని పేలు చూసింది. ఇంకొకామె చింతపండు గింజ తీసింది. వేపచెట్టు నీడ తిరుగుతుంటే దానితోపాటు జరుగుతూ, నేను చస్తానా బతుకుతానా అని చూస్తూ కూర్చున్నారు. మధ్యలో కూరల ధరలు మాట్లాడుకున్నారు. దాహమేస్తుందా అని ఒకామె ప్రేమగానే అడిగింది. నీళ్లు తాగితే కక్కుతానేమో అని వద్దన్నాను. కడుపులో నొప్పి మొదలైంది, అది అంబలి నొప్పో భయం నొప్పో తెలియలేదు. ముడుచుకుంటే చూస్తారని నిటారుగా కూర్చున్నాను. ఒంటికి పోవాలనిపించినా లేవలేదు, లేస్తే కాళ్లు తడబడతాయేమో, అది చాలు వాళ్లకు. లోపలి నుంచి బాపమ్మ ఉండి ఉండి "బిడ్డా" అని పిలిచేది. "ఆఁ" అనాలి. బతికున్నానని తెలిసేట్టు, నొప్పి తెలియనట్టు అనాలి. ఒకసారి గుటక పడక ఆలస్యం చేస్తే ఆమె తలుపు మీద రెండు చేతులతో బాదింది. చాటలో బియ్యం ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. "ఉన్ననే బాపమ్మా" అన్నాను. చేతులు మళ్లీ కదిలాయి.

ఆ ఎదురుచూపులో దవాఖాన నుంచి ఏ కబురూ రాలేదు. పిల్లవాడు పోతే నేను బతికి ఉండి కూడా లాభం లేదని నాకు తెలుసు. అట్లాంటి పద్దు ఆ వయసు పిల్లకు అర్థం కాకూడదు. అర్థమైంది.

షిఫ్టు సైరన్ మోగింది. కొంతసేపటికి రోడ్డు మీద బాయి టోపీలు చేతిలో పట్టుకుని, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడని మనుషులు వచ్చారు. వాళ్లలో బాపును నడకను బట్టి గుర్తుపట్టాను. వాళ్ల వెనుకే రిక్షా. లచ్చమ్మ పెద్దమ్మ ఒడిలో పిల్లవాడు మెడ నిలబెట్టి కూర్చుని, ఎవరో ఇచ్చిన గ్లూకోజు బిస్కట్టు చీకుతున్నాడు. ఎండదెబ్బ అన్నారట. ముందురోజు మిట్టమధ్యాహ్నమంతా ఇసుక కుప్ప మీద ఆడాడట. మొన్న మా ఇంటికి కారు నడుపుకుంటూ వచ్చి, వరండాలో టీ తాగి, 'అక్కా, షుగర్ తక్కువైంది' అని జోకు వేసిన కొడుకు వాడే. రాయలింగు తాత తువ్వాలు దులుపుకుని లేచాడు. "అయిపోయింది. పోండ్లి, పొయ్యిలు ముట్టిచ్చుకోండ్లి" అన్నాడు. చాటలు ఎత్తుకుని పోయారు. పోతూ పోతూ ఒకామె మాత్రం, "ఒక్క పూటకేం తెలుస్తది? ఇంకో దినం సూడాలె గద" అంది. బాపు ఆ మాట విన్నాడు.

ఆయన కేకలు వేస్తాడని, అందరి మీదికీ పోతాడని ఎదురుచూశాను. రోజూ భూమి కిందికి దిగి వచ్చే మనిషి కదా, దేనికీ భయపడడనుకున్నాను. ఆయన స్నానం కూడా చేయకుండా తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, రేపు పొద్దుగాల్ల బస్సుకు ఊరికి పో. ఫికర్ వెట్టుకోకు, జరంత సల్లబడ్డంక నేనే తోల్కస్త" అన్నాడు. తల ఎత్తలేదు. ఆయన మాట్లాడుతుంటే మొహం మీది బొగ్గులో రెండు గీతలు పడ్డాయి. మిగిలిన జొన్నల్ని అమ్మ తెలియని బర్రెలవాళ్లకు ఇచ్చేసింది. పీపాను బోర్లించి రాయితో గీకి గీకి తోమింది.

బస్టాండులో బాపమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నిజం జెప్పు. కడుపుల ఏమన్న అయిందా?" లేదన్నాను. ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరివో చూస్తున్నట్టు. "నేనైతె ఏం గలుపలె బిడ్డా. గని గట్లెందుకు నల్లగైందో నాకు సమజైత లేదు. మనకు తెల్వకుంట మన చేతులకెల్లి ఏమన్న వస్తదా?" అని నన్నడిగింది. ఆమె నన్ను ఓదార్చడం లేదు. నిజంగా అడుగుతోంది. గుంపు ఆమె పళ్లు ముట్టలేదు, జుట్టు ముట్టలేదు. ముట్టింది దీన్నే. ఆ తర్వాత ఆమె మా క్వార్టర్‌కు మళ్లీ రాలేదు. ఊళ్లో కూడా ఎవరి పిల్లలకూ చేత్తో ఏమీ పెట్టడం మానేసిందని విన్నాం. ఎవరింట్లోనైనా బర్రె ఈనిందంటే ఆ వీధినే నడిచేది కాదట.

డిగ్రీలో చేరాక ఒకనాడు ప్రాక్టికల్స్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష చేయించారు. టానిన్ ద్రావణంలో ఒక్క చుక్క వేశాను. పరీక్షనాళికలో అదే రంగు విచ్చుకుంది, మసి కాదు, సిరా.  పక్కనున్న అమ్మాయి 'నీలి నలుపు' అని రికార్డులో రాసుకుని వెళ్లిపోయింది. ఇనుప పీపా, తుప్పు, వగరును తీయలేని, ఇనుము నిండిన బొగ్గు బూడిద, తుప్పును కరిగించే పులుపు, ఎర్రజొన్న వగరు. ఇంతే. ఒక మనిషిని రాయితో కొట్టబోయిన కారణమంతా ఒక చుక్కలో పట్టింది. సంతోషం కలగాలి కదా? నాకు ఆ చుక్క ఎంత చిన్నదో చూసి ఇంకా ఎక్కువ భయమేసింది.

అప్పటికంటే ఇప్పుడు నయమేనా అని నన్ను నేను అడుగుతుంటాను. నయమే. పిల్లవాడికి జ్వరమొస్తే ముందు ఆటో పిలుస్తున్నారు. ఎర్రజొన్నను రంగురంగుల ప్యాకెట్లలో పోసి, అదే వగరును ఆరోగ్యం అని అమ్ముతున్నారు, ఒకప్పుడు పిట్టలు కూడా ముట్టనిదాన్ని బారులు తీరి కొంటున్నారు. కానీ మా పాత కాలనీవాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్నీమధ్య కూడా నాలుగు తోవల దగ్గర కోసిన నిమ్మకాయల ఫోటో పెట్టి, 'ఫలానా ముసలామె అటు తిరుగుతోంది, పిల్లలు జాగ్రత్త' అని ఒక ఇంజినీరు భార్య రాసింది. నేను ఆమెతో సాయంత్రం దాకా కొట్లాడాను. 'మేడమ్, మీరు ప్రతిదానికీ వాదిస్తారు' అంది. వాదిస్తాను. మీ గొంతులు తగ్గినప్పుడల్లా నా గొంతు పెంచుతాను. 

బాపమ్మకు మాత్రం ఒకసారి చెప్పి చూశాను. ఆ ప్రాక్టికల్ అయిన సెలవుల్లోనే. ఊళ్లో ఆమె ఇంట్లో గుప్పెడు ఎర్రజొన్నలు దంచి, నీళ్లలో నానబెట్టి, ఆ ఎర్రనీళ్లను స్టీలు గ్లాసులోకి వంచాను. కొన్ని తుప్పు మేకుల్ని పుల్లని మజ్జిగ తేటలో ముందురోజే వేసి ఉంచాను. "సూడు బాపమ్మా, నీ చేతులల్ల ఏం లేదు. గా పీపాల ఉండె. గిదే గప్పుడు అయింది" అంటూ ఆ తేటను గ్లాసులో పోశాను. నీళ్లు తిరిగి తిరిగి నల్లబడ్డాయి. నేను గెలిచినట్టు తలెత్తి చూశాను. ఆమె లేచి వెళ్లి తలుపు గడియ వేసింది. కిటికీ రెక్క మూసింది. గ్లాసు నా చేతి నుంచి లాక్కుని పొయ్యిలో బూడిద మీద కుమ్మరించింది. "నీకు గూడ అచ్చిందా బిడ్డా గది?" అంది. "కాదే బాపమ్మా, గిది చదువు. ఎవ్వలు జేసినా అయితది" అని నేను అంటూనే ఉన్నాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది. "ఎవ్వలు జేసినా అయితదని ఎవ్వలింటరే? నువ్వు జేసినవని జెప్పుకుంటరు. ఎవ్వలకు సూపియ్యకు. నా మీద ఒట్టు."

నా వేళ్ల కొసలు నల్లగా అయి ఉన్నాయి. ఆమె చింతపండు ఉండ నానబెట్టి తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క వేలునే పట్టుకుని రుద్దింది. గోళ్ల అంచుల్లో కూడా. బయట ఎవరో ఆమె పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. నా చేతుల్ని కిటికీ సందులోంచి పడుతున్న వెలుగుకు ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ఇంకా ఉందని మళ్లీ రుద్దింది. పది వేళ్లూ మామూలు వేళ్లయ్యాక లేచి, చింతపండు పిప్పిని బూడిదలో పూడ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు గడియ తీసింది.